సైకిలుపై గోదావరి లోయ, కోనసీమ తీరం

మహారాష్ట్రంలోని త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తున్నది. ఈ సుదీర్ఘ ప్రయాణంలోని చివరి నూట ఇరవై కిలోమీటర్లను సైకిలుపై చూడదలచినవారికి దారులు, ఋతువులు, జాగ్రత్తలు ఎట్టివో చెప్పడమే ఈ ప్రసంగోద్దేశం. కారులో పోయేవారికి ఈ సీమలో కొబ్బరితోటలు కనిపిస్తాయి. సైకిలుపై పోయేవారికి ఆ తోటలను నిలబెట్టిన కాలువలు, లాకులు, గట్లు కూడా కనిపిస్తాయి.

పాపికొండల నడుమ ఇరుకున నడిచివచ్చిన నది పోలవరం దాటగానే మైదానంలో పడి విస్తరిస్తుంది. రాజమహేంద్రవరం వద్ద దాని వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. వసిష్ఠనుండి వైనతేయ వేరుపడుతుంది. గౌతమీ వసిష్ఠల నడిమి భూమియే కోనసీమ. రాజమహేంద్రవరం సముద్రమట్టానికి సుమారు 14 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. అక్కడినుండి సాగరతీరం చేరేవరకు నేల కిలోమీటరుకు పావు మీటరుకు మించి దిగదు. వంతెనల ఎత్తులు, గట్ల ఎత్తులు తప్ప తొక్కడానికి కష్టమైన మెరక ఎక్కడా లేదు. కనుక గేర్లులేని సామాన్యమైన సైకిలు ఈ సీమకు చాలును.

అయితే మెరక లేనిచోట గాలియే మెరక. గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి, 10 కిలోమీటర్ల వేగంగల గాలి ఎదురైనదనుకొందాము. అప్పుడు శరీరానికి తగిలే గాలివేగం 30 అవుతుంది. గాలి అడ్డుకొనే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది గనుక ఆ బలం రెండింతలకు పైబడుతుంది. అదే వేగం నిలుపుకొనవలెనంటే, వంద మీటర్లకు ఒకటిన్నర మీటరు చొప్పున ఎత్తు ఎక్కుతున్నంత అదనపు శ్రమ పడవలసి ఉంటుంది. అందువల్ల డెల్టాలో ప్రయాణవేళను నిర్ణయించవలసినది గాలియే. తెల్లవారుజామున నేలమీదినుండి సముద్రంవైపు పలుచని గాలి వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కిన తరువాత గాలి మళ్ళి సముద్రంనుండి నేలవైపు వీస్తుంది. కాబట్టి తీరానికి వేకువనే బయలుదేరి, మూడు గంటల తరువాత తిరుగుముఖం పడితే రెండుసార్లూ గాలి వీపుననే ఉంటుంది. ఈ సంగతి మన పల్లెకారులకు, పడవవారికి తరతరాలుగా తెలిసినదే.

ఇక దారులు. మొదటిది ఎగువదారి. కొవ్వూరునుండి కుడిగట్టున తాళ్ళపూడి మీదుగా పట్టిసం, పోలవరం వరకు సుమారు 30 కిలోమీటర్లు. పట్టిసం వద్ద నది నడుమ కొండపై వీరభద్రస్వామి ఆలయం కలదు. ఒకప్రక్క నీరు, రెండవప్రక్క పొలాలు, ఎదుట క్రమంగా దగ్గరయ్యే కొండలు, ఇదీ ఈ దారి స్వరూపం. పోలవరానికి ఎగువన ప్రాజెక్టు నిర్మాణం వల్ల పాతదారులు కొన్ని ముంపులోనికి పోయినవి. పాత పటాలను నమ్ముకొని అటు పోరాదు. ఈ గట్లపై ఇసుక లారీల రాకపోకలు హెచ్చు. ఆదివారం ఉదయం వీలైన సమయం.

రెండవది నడిమిదారి. రాజమహేంద్రవరంనుండి అంతర్వేదివరకు సుమారు 120 కిలోమీటర్లు. అలవాటు లేనివారు అమలాపురంలో రాత్రి బసచేసి, రెండు రోజులలో పూర్తిచేయవలెను. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. ఇప్పుడు దాని స్థానంలో 175 తలుపుల బ్యారేజీ ఉన్నది. దానిమీది రోడ్డుపై నదిని దాటుతూ బొబ్బర్లంక చేరితే, కోనసీమకు ప్రాణాధారమైన మధ్యడెల్టా కాలువ మొదలయ్యే చోటు కనిపిస్తుంది. అక్కడినుండి పూతరేకులకు పేరుగాంచిన ఆత్రేయపురం, జగన్మోహినీ కేశవస్వామి ఆలయంగల ర్యాలి చూచుకొంటూ రావులపాలెం, కొత్తపేటల మీదుగా అమలాపురం చేరవచ్చును. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మరునాటి దారిలో గన్నవరం వద్ద తప్పక ఆగవలెను. అక్కడ వైనతేయ పాయకు అడ్డంగా కమానులు కట్టి, కమానులమీదుగా కాలువను నడిపి, ఆవలి లంకభూములకు సాగునీరు అందించినారు. క్రింద ఏరు, పైన కాలువ. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలపు ఆ పాత అక్విడక్టుకు 49 కమానులు. దానికి బదులుగా కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. వచ్చినవారు ఎవరైనా, వేళ ఏదైనా, అన్నం పెట్టి పంపిన ఆ ఇల్లాలు ఈ లంకలలో నివసించినదే. బాటసారికి ఇంతకంటె తగిన స్మారకం వేరొకటి ఉండదు. గన్నవరం దాటి రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరితే, లక్ష్మీనరసింహస్వామి ఆలయం, దీపస్తంభం, వసిష్ఠ సాగరంలో కలిసే చోటు ఉన్నవి. మాఘమాసంలో స్వామివారి కల్యాణం నాడు ఈ దారి జనంతో నిండిపోతుంది. ఆ దినాలు సైకిలు యాత్రకు తగవు. సఖినేటిపల్లినుండి పంటుపై నర్సాపురం దాటదలచినవారు పంటు నడుస్తున్నదో లేదో ముందురోజే విచారించుకొనవలెను.

మూడవది తీరపుదారి. కాకినాడనుండి కోరంగి, యానాం, మురమళ్ళ, ముమ్మిడివరం మీదుగా అమలాపురం సుమారు 65 కిలోమీటర్లు. కార్తీకంనుండి పుష్యంవరకు ఈశాన్యపు గాలి ఉంటుంది గనుక కాకినాడ దిక్కునుండి బయలుదేరడం మేలు. కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపడిన రేవు. 1839 నాటి తుఫాను దానిని నేలమట్టం చేసినది. నేడు అక్కడి మడ అడవి సంరక్షిత ప్రాంతం. పెనవేసుకొన్న ఆ వేళ్ళే అలల ఉద్ధృతిని తగ్గించి, వెనుకనున్న ఊళ్ళకు కొంత రక్షణ ఇస్తున్నవి. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనున్న యానాం వద్ద గౌతమిపై పొడవైన వంతెన ఉన్నది. దానిపై ప్రక్కగాలి బలంగా తగులుతుంది. హఠాత్తుగా వీచే గాలివిసురుకు సైకిలు లారీల వైపు ఒరగకుండా రెండు చేతులతో నిలకడగా పట్టుకొనవలెను.

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడవరకు సాగే సముద్రపుటొడ్డు రోడ్డు అందమైనదే. కాని దానిని ఈ దారులలో చేర్చడానికి సందేహించవలసి వస్తున్నది. కాకినాడ అఖాతానికి హోప్ ఐలండ్ అనే ఇసుకదిబ్బ అడ్డు నిలిచి ఉన్నది. ఉప్పాడకు ఆ అడ్డు లేదు. వాయుగుండం పట్టినప్పుడల్లా సముద్రం రోడ్డును కోస్తున్నది. రాళ్ళు పేర్చినారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరచినారు. ఐనను కోత ఆగలేదు. జమదానీ చీరలు నేసే ఆ ఊరు ఎన్నో ఇండ్లను కోల్పోయినది. నది తెచ్చే ఒండ్రు ఎగువ జలాశయాలలో నిలిచిపోవడం వల్ల గోదావరి డెల్టా తీరం పలుచోట్ల తరిగిపోతున్నదని పరిశోధకులు చెపుతున్నారు. అక్కడికి పోయేవారు ప్రశాంతమైన వాతావరణంలో, దారిని విచారించుకొని పోవలెను.

ఋతువు విషయం. ఈ యాత్రలకు సంక్రాంతినుండి ఫాల్గుణంవరకు అనుకూలం. అయితే ఆ దినాలలో తెల్లవారుజామున గట్లపై మంచు దట్టంగా పడుతుంది. ముందు దీపం, వెనుక ఎర్రదీపం లేక బయలుదేరరాదు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్లపై ధాన్యం ఆరబోస్తారు. ధాన్యంపై చక్రం జారుతుంది. అది ఒక కుటుంబం ఆరునెలల కష్టం కూడాను. అక్కడ దిగి నడిపించుకొని పోవడమే మర్యాద. రోహిణి కార్తె ఎండలలో దూరప్రయాణం కూడదు.

శ్రావణ భాద్రపదాలు వరదకాలం. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ప్రకటిస్తారు. మొదటి హెచ్చరిక వెలువడగానే లంకదారులు, పంటు రేవులు విడిచిపెట్టవలెను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు సెకనుకు ప్రవహించినది. గట్లు తెగి ఊళ్ళు మునిగినవి. ఆ తరువాతనే గట్లను ఎత్తుచేసి బలపరచినారు. మనం విలాసంగా సైకిలు నడిపే గట్టు నిజానికి ఒక కోటగోడ అని మరువరాదు. దాని అంచున మట్టి త్రవ్వడం, వాలుపై సైకిళ్ళు దింపి చాళ్ళు పెట్టడం చిన్నతప్పులుగా కనిపించినా, వాన నీటికి అవే దారులవుతాయి.

వెంట ఉండవలసినవి గాలిపంపు, అదనపు ట్యూబు, పంక్చరు సామాను, త్రాగునీరు. కాలువగట్లకు చాలచోట్ల పిట్టగోడ లేదు గనుక బ్రేకులు ముందురోజే పరీక్షించుకొనవలెను. నదీ సాగర సంగమాలలో స్నానానికి దిగరాదు. ఆటుపోట్ల వల్ల అక్కడి నీటిలాగుడు ఈతగాండ్రను సైతం మోసగిస్తుంది. పిల్లలతో పోయేవారు ఈ నియమం ఇంటివద్దనే చెప్పి బయలుదేరవలెను.

చివరగా ఒక మాట. ఈ గట్లపై సైకిలు తొక్కేవారిలో యాత్రికులు బహు కొద్దిమంది. బడికి పోయే ఆడపిల్లలు, పాలకేనులు తగిలించుకొన్నవారు, కొబ్బరి దింపుకు పోయే కూలీలు ప్రతిదినం వీటిపైననే పోతున్నారు. జాతీయ రహదారిపై వేగం పెరిగిన కొద్దీ వారికి మిగిలిన నిర్భయమైన దారి గట్టుదారియే. లారీలు త్రొక్కి గోతులుపడిన గట్టును చూచి, సెలవునాటి ప్రయాణీకుడు మరొక దారి పట్టగలడు. పుస్తకాల సంచితో వచ్చే బాలిక పట్టలేదు. కనుక ఈ యాత్ర చేసినవారు చూచిన అందాలను స్నేహితులకు చెప్పడంతో పాటు, చూచిన గోతిని, కూలిన పిట్టగోడను పంచాయతీవారికీ, గట్టును కాపాడే జలవనరుల శాఖవారికీ ఒక ఉత్తరం ముక్కతో తెలియజేయవలెను. ఆ దారి బాగుపడితే ముందుగా మేలు పొందేది ప్రతి ఉదయం దానిపై బడికి పోయే పిల్లలే.