మత్తు వీడిన తరువాత ఇంటి దారి

శస్త్రచికిత్స యనగానే పది దినముల ఆసుపత్రి వాసము గుర్తునకు వచ్చు కాలము గతించినది. జీర్ణాశయమును పరిశీలించు ఎండోస్కోపి, పెద్దప్రేగును పరిశీలించు కొలనోస్కోపి మొదలగు పరీక్షలకు నేడు రోగి ఉదయము వెళ్ళి సాయంకాలమునకు ఇల్లు చేరుచున్నాడు. బాధ తెలియకుండుటకు ఇట్టి పరీక్షలలో తరచుగా నరములోనికి మత్తుమందు ఎక్కించెదరు. అప్పుడు ఆసుపత్రివారు “మీ వెంట ఎవరు వచ్చినారు?” అని అడుగుదురు. మనలో పలువురు దీనిని లాంఛనముగా భావించి, “ఆటోలో పోయెదము లెండి” అని తేల్చివేయుదురు. ఆ ప్రశ్న ఏల పుట్టినదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మత్తుమందు చరిత్రలో మన హైదరాబాదునకు స్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహముతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో రెండు క్లోరోఫారం కమిషన్లు ఇచ్చట పరిశోధనలు జరిపినవి. మత్తులోనున్న రోగి బ్రతికి బయటపడునా అనునదే నాటి చింత. నేడు మందులు మెరుగైనవి, పరికరములు పెరిగినవి, బల్లపై ప్రమాదము చాల తగ్గినది. మిగిలిన ప్రమాదములో కొంత ఆసుపత్రి గడప దాటి వీధిలోనికి వచ్చినది.

నేడు విరివిగా వాడు మందులలో ప్రొపోఫాల్, మిడజోలాం ముఖ్యములు. ప్రొపోఫాల్ త్వరగా నిద్రపుచ్చును. ఆపిన కొలది నిమిషములకే మెలకువ వచ్చును. మిడజోలాం అట్లు కాదు. శరీరములోని మందు సగమగుటకే సుమారు 2 నుండి 3 గంటలు పట్టును. వృద్ధులలో ఇంకను ఎక్కువ. అంతకంటె విచిత్రమైనది దాని మరపు గుణము. రోగి కన్నులు తెరచి మాటలాడును, డాక్టరు చెప్పినదానికి తల ఊపును. మరునాడు అందులో ఒక్కమాటయు జ్ఞప్తికి రాకపోవచ్చును. “నేను బాగుగనే యున్నాను” అని అతడు పలుకుట అబద్ధము కాదు. కాని తూచవలసిన త్రాసునకే అప్పుడు మత్తు పట్టియున్నది.

ఇచ్చటను మార్కులు కలవు. 1970లో ఆల్డ్రెటె అను వైద్యుడు ప్రకటించిన పట్టికలో కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, దేహవర్ణము అను ఐదింటికి రెండేసి చొప్పున మొత్తము 10 మార్కులు. 9 వచ్చినచో రోగిని కోలుకొను గదినుండి పంపవచ్చును. ఈ ఉత్తీర్ణత గది దాటుటకే గాని బండి నడుపుటకు కాదు. 24 గంటలపాటు వాహనము నడుపరాదనియు, యంత్రములు ముట్టరాదనియు, దస్తావేజులపై సంతకము చేయరాదనియు వైద్యులు చెప్పుట ఇందుకే. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను మద్యమునే గాక, బండిపై అదుపు తప్పించునట్టి మందుల ప్రభావమున నడుపుటను సైతము నేరముగా పరిగణించును.

మరి ఆటో చాలదా? ఆటో వాహనమునిచ్చును, మనిషినీయదు. మెట్లపై కాలు తడబడినప్పుడు పట్టుకొనుట, ఇల్లు చేరిన పిదప కనిపెట్టియుండుట డ్రైవరు బాధ్యత కాదు. స్కూటరు వెనుక కూర్చుండబెట్టుట అంతకంటె అపాయకరము. మగతలో పట్టు సడలును. మహబూబ్‌నగర్, కర్నూలు వంటి ఊళ్ళనుండి హైదరాబాదు వచ్చినవారు ఆనాడే బస్సులో ఒంటరిగా తిరుగు ప్రయాణము పెట్టుకొనరాదు.

పరీక్ష తేదీ నిశ్చయమైననాడే వయోజనుడైన తోడును కుదుర్చుకొనవలెను. కొలనోస్కోపికి పథ్యముండి, విరేచనపు మందు త్రాగి వచ్చిన రోగిని తోడులేదని తిప్పిపంపినచో ఆ శ్రమయంతయు వృథా. తోడు వచ్చినవారు రోగి డబ్బు, ఫోను, కాగితములు భద్రపరచవలెను. డాక్టరు మాటలు తాము విని వ్రాసికొనవలెను. ఆ రాత్రి దగ్గరనుండవలెను. తీవ్రమైన కడుపునొప్పి, రక్తస్రావము, జ్వరము, ఊపిరి ఆడకపోవుట కనిపించినచో వెంటనే ఆసుపత్రికి తెలుపవలెను.

అందరికి ఇట్టి తోడు దొరకదు. కుమారుడు దినకూలి మానుకొని రాలేని తండ్రి, బిడ్డలు గల్ఫు దేశములలోనున్న తల్లి, హాస్టలులో ఒంటరిగానున్న విద్యార్థి, వీరు తోడులేక పరీక్షనే వాయిదా వేయుదురు. వాయిదాపడిన పరీక్ష వెనుక ముదురుచున్న వ్యాధి ఉండవచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన విద్యార్థుల, విద్యార్థినుల పట్టికయొకటి కళాశాలలో ఉంచి, తోడు వెళ్ళినవారికి ఆ దినపు హాజరు ఇచ్చినచో మేలగునని కమిటీవారికి మేము సవినయముగా సూచించుచున్నాము. దీనికి నిధులక్కరలేదు, మనసున్న చాలును.

ఉర్దూలో రోగిని చూచివచ్చుటను ఇయాదత్ అనియు, దగ్గరనుండి సేవచేయుటను తీమార్‌దారీ అనియు అందురు. తెలుగున పరామర్శ, పరిచర్య అను మాటలు ఈ భేదమునే తెలుపును. పండ్లు తీసికొని పరామర్శకు వెళ్ళుటలో మనమెన్నడును వెనుకబడలేదు. చేయిపట్టి ఇల్లు చేర్చు ఒకపూట పరిచర్యకును అంతే సిద్ధముగా ఉండవలెను.