పాఠ భవన (శాంతినికేతన్)

పాఠ భవన పశ్చిమ బెంగాల్ రాష్ట్రము, బీర్భూమ్ జిల్లాలోని శాంతినికేతన్‌లో ఉన్న పాఠశాల. దీనిని రవీంద్రనాథ్ ఠాగూరు 1901 డిసెంబరు 22న బ్రహ్మచర్యాశ్రమము అనే పేరుతో స్థాపించాడు. విశ్వభారతి విశ్వవిద్యాలయమునకు మూలము ఈ చిన్న బడియే. విశ్వభారతికి వచ్చిన పేరు వలన దీని తొలినాటి కష్టములు అంతగా ప్రచారములోనికి రాలేదు.

నేపథ్యము

బోల్పూరు సమీపమున ఎర్రమట్టి బంజరులో 20 బిఘాల భూమిని రవీంద్రుని తండ్రి దేవేంద్రనాథ్ 1863లో శాశ్వత కౌలుకు తీసుకొని, ధ్యానమునకై ఒక ఇల్లు కట్టించాడు. ఆ ఇంటి పేరే తరువాత ఊరి పేరయినది. 1888 నాటి ధర్మకర్తృత్వ పత్రములోనే ఇచ్చట విద్యాలయము నెలకొల్పుటకు అవకాశము కల్పించబడినది.

తొలి సంవత్సరములు

ప్రారంభములో విద్యార్థులు ఐదుగురే. వారిలో ఒకడు రవీంద్రుని పెద్ద కుమారుడు రథీంద్రనాథ్. క్రైస్తవము స్వీకరించిన సన్యాసి బ్రహ్మబాంధవ్ ఉపాధ్యాయ్, ఆయన శిష్యుడు రేవాచంద్ బడి నిర్వహణలో తోడ్పడ్డారు కాని, 1902లోనే వెళ్ళిపోయారు. ఠాగూరుల జమీందారీ కచేరీలో పనిచేసిన జగదానంద రాయ్ విజ్ఞానశాస్త్రము బోధించేవాడు. తరగతులు చెట్ల క్రింద జరిగేవి. బాల్యములో ఏ బడిలోనూ ఇమడలేక చదువు మధ్యలో మానివేసిన రవీంద్రునికి నాలుగు గోడల బడిపై ఉన్న విముఖత ఇందుకు ఒక కారణము.

మొదట జీతములు వసూలు చేయలేదు. ఖర్చులకై రవీంద్రుడు పూరీలోని ఇంటిని అమ్మివేశాడు. భార్య మృణాళినీ దేవి తన నగలు ఇచ్చివేయుటయే గాక, పిల్లలకు స్వయముగా వండి పెట్టేది. ఆమె 1902 నవంబరులో మరణించినది. మరుసటి ఏడు కుమార్తె రేణుక, 1907లో చిన్న కుమారుడు శమీంద్రనాథ్ కన్నుమూశారు. 1904 ఆరంభములో యువ ఉపాధ్యాయుడు, కవి సతీశ్ చంద్ర రాయ్ మశూచితో మరణించగా, బడిని కొంతకాలము శిలైదహాకు తరలించవలసి వచ్చినది. అయినను మూతపడలేదు. తరువాత జీతములు విధించక తప్పలేదు.

తరువాతి చరిత్ర

దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్ ఆశ్రమ బాలురు కొంతకాలము ఇచ్చట ఉన్నారు. 1915లో గాంధీ సూచనపై విద్యార్థులు, ఉపాధ్యాయులు వంట, పారిశుద్ధ్యము వంటి పనులను తామే చేపట్టారు. ఆ ప్రయోగము ఎక్కువ కాలము సాగలేదు. దాని జ్ఞాపకార్థము ఏటా మార్చి 10న పనివారికి సెలవిచ్చి, పనులన్నీ తామే చేసుకొనే ఆచారము ఏర్పడినది. 1921లో విశ్వభారతి ఏర్పడిన పిమ్మట, 1925లో పాఠశాలకు పాఠ భవన అను పేరు వచ్చినది. ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన, ఠాగూరు రచనలను తెనిగించిన బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదివినవాడే. శాంతినికేతన్‌ను యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది.