పెంటికలో పరిచే వల

తొలకరి పడితే ఆనందపురం, పద్మనాభం వైపు మెట్టల్లో గడ్డి చిగురిస్తుంది. గొర్రెలు కడుపునిండా మేస్తాయి. కొన్ని వారాలకు మందలో ఒకటో రెండో నీరసపడతాయి. కనురెప్ప లోపలి ఎర్రదనం పాలిపోతుంది. దవడ కింద నీరు దిగుతుంది. ఇది కడుపులోని పురుగుల పని. వాటిని కాపరులు నట్టలంటారు.

వీటిలో ఎక్కువ ప్రమాదకరమైనది హీమాంకస్. గొర్రె నాలుగో పొట్టలో చేరి రక్తం పీలుస్తుంది. ఒక్కో పురుగు రోజుకు తాగేది ఒక చుక్క, అంటే 0.05 మిల్లీలీటర్లు. వెయ్యి పురుగులుంటే 50 మిల్లీలీటర్లు! ఆడపురుగు రోజుకు 5 వేల నుంచి 10 వేల దాకా గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయటపడి, తడి, వెచ్చదనం దొరికితే వారంలోపే లార్వాలుగా (పిల్ల పురుగులుగా) ఎదిగి గడ్డిపోచ ఎక్కుతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే కథ మళ్లీ మొదలు.

అల్బెండజోల్ వంటి నట్టల మందు పొట్టలోని పురుగుల్నే చంపుతుంది. గడ్డి మీదున్నవాటి జోలికి పోదు. పైగా అదే మందు పదేపదే తాగిస్తే, దాన్ని తట్టుకున్న పురుగులు మిగిలి వాటి సంతతే పెరుగుతుంది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. మందు పనిచేయకపోతే ఎన్ని ఇళ్ల బతుకు దెబ్బతింటుందో ఊహించవచ్చు.

అందుకే శాస్త్రవేత్తలు పొట్ట వదిలి పెంటిక మీద దృష్టి పెట్టారు. డడింగ్టోనియా ఫ్లాగ్రాన్స్ అనే శిలీంధ్రం (బూజు జాతి) సిద్ధబీజాలకు (విత్తనాల్లాంటి కణాలకు) గోడ మందం. మేతలో కలిపి పెడితే అరగకుండా పెంటికలోకి వస్తాయి. అక్కడ మొలకెత్తి జిగురు ఉచ్చులు అల్లుతాయి. జాలరి వలలో చేప చిక్కినట్టు కాదు, జిగురుకు అతుక్కుపోతుంది పిల్ల పురుగు. బూజు దాని ఒంట్లోకి చొచ్చుకుపోయి తినేస్తుంది. ఆస్ట్రేలియాలో ఇది అమ్మకంలో ఉంది. మన దేశంలోనూ దీనిపై పరిశోధనలు జరిగాయి.

ఇది జబ్బుపడ్డ గొర్రెకు మందు కాదు. దానికి పశువైద్యుడి చికిత్స కావాలి. బీజాలు పొట్టలో నిలవవు కాబట్టి, వానల కాలమంతా రోజూ పెట్టాలి. పగలంతా తిరిగే మందకు సాయంత్రం దొడ్లో తవుడులో కలపడం వీలవుతుంది. నాకు పెద్ద చిక్కుగా కనిపించేది వేరు: మన బంజర్లు ఉమ్మడివి. ఒక మంద ఈ బీజాలు తిని, పక్క మంద తినకపోతే, ఆ రెండో మంద పెంటికల్లోంచి వచ్చిన లార్వాలు అదే గడ్డి ఎక్కుతాయి.