ఆకాశం నుంచి కొండ అడవుల లెక్క

నేపాలు కొండల్లోని రైతు మీద చాలాకాలం ఒక నింద ఉండేది. వంటచెరకు కోసమూ, సాగుభూమి కోసమూ అతడు అడవిని నరికివేస్తున్నాడనీ, అందువల్ల చరియలు విరిగి మట్టి నదుల్లోకి దిగుతున్నదనీ, దిగువన బీహారులోనూ బంగాళంలోనూ వరదలు వస్తున్నవనీ పెద్దపెద్దవారే వ్రాశారు. ఎరిక్ ఎక్హోమ్ అనే ఆయన 1976లో ప్రచురించిన గ్రంథంతో ఈ మాట లోకమంతా ప్రాకింది. 2000 సంవత్సరం నాటికి అక్కడ మనిషికి అందే దూరంలో అడవే మిగలదని అంచనాలు కూడా వెలువడ్డాయి.

విచిత్రమేమంటే, ఈ అంచనాలకు ఆధారమైన వంటచెరకు లెక్కలే ఒకదానితో ఒకటి కలియవు. తలకు ఏటా ఎంత కట్టె కాలుతుందన్న దానిలో అతి తక్కువ అంచనాకూ అతి ఎక్కువ అంచనాకూ 67 రెట్లు తేడా ఉన్నది! ఇంట్లో బియ్యం ఖర్చు ఈ తీరున వ్రాసి చూపిస్తే ఏ ఇల్లాలు ఒప్పుకొంటుంది?

ఈ తగవులో గట్టి సాక్ష్యం చెప్పినవి విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు.

ఆ పద్ధతి పాతదే. 1924లోనే బర్మాలో ఐరావతీ డెల్టా అడవులను విమానం నుంచి ఫోటోలు తీశారు. ఆ కాలంలో బ్రతుకుతెరువుకు రంగం వెళ్ళిన పెద్దలు మన పాఠకుల కుటుంబాల్లో కొందరైనా ఉండి ఉంటారు. విమానం ఒకే ఎత్తున, నాగలి చాళ్ళలాగా, పక్కపక్కనే వరుసలుగా ఎగురుతుంది. ఒక చిత్రంలో పడిన నేలలో నూటికి సుమారు 60 వంతులు తరువాతి చిత్రంలో కూడా పడేటట్లు తీస్తారు. అట్టి జంటను స్టీరియోస్కోపు అనే రెండు కళ్ళ అద్దం కింద పెట్టి చూస్తే కాగితం మీది కొండ లేచి నిలబడుతుంది. చెట్ల ఎత్తు కూడా కొలవవచ్చు. తరువాత చుక్కలు పెట్టిన పారదర్శకపు కాగితాన్ని పైన పరచి, అడవి మీద ఎన్ని చుక్కలు పడ్డాయి, చేల మీద ఎన్ని పడ్డాయి అని లెక్కపెట్టడం కద్దు. పది పదిహేనేళ్ళకు మళ్ళీ తీసి, రెండు లెక్కలూ పక్కపక్కన పెడతారు. రెండేళ్ళ చిట్టాలు సరిచూచే గుమాస్తాకు ఇది తెలిసిన పనే.

డెల్టా బల్లపరుపు నేల కాబట్టి అక్కడ ఈ పని సులువు. కొండల్లో అట్లా కాదు. శిఖరం కెమెరాకు దగ్గర, లోయ దూరం. అందుచేత ఒకే చిత్రంలో అంగుళానికి ఒకచోట ఒక దూరం, మరొకచోట మరొక దూరం. ఉత్తరపు వాలు నీడలో నల్లగా పడి, అది అడవో వట్టి రాయో తెలియదు. రెండు చిత్రాలు వేర్వేరు ఋతువుల్లో తీస్తే, ఆకు రాల్చిన చెట్లు నరికినట్లే కనబడతాయి. ఇవన్నీ సవరించుకోకుండా అడవి పోయిందనో పెరిగిందనో చెప్పడం తొందరపాటు.

నేపాలులో 1950ల్లోనూ 1963-64లోనూ తీసిన చిత్రాలతో మొదటి అటవీ లెక్క తయారైనది. 1978-79లో కెనడా సహాయంతో దేశమంతా మళ్ళీ ఫోటోలు తీశారు. పోల్చి చూస్తే మధ్య కొండల్లో అడవి విస్తీర్ణం నూటికి రెండు వంతులు కూడా తగ్గలేదు! తగ్గినది దిగువన తెరాయి మైదానంలో, ఇంచుమించు నాలుగోవంతు. 1950ల నుంచి మలేరియాను అదుపు చేసిన మీదట జనం అక్కడికి దిగివచ్చారు. ప్రభుత్వమే భూములిచ్చి వలస పెట్టించింది కూడా.

మరి కొండల మీది మెట్ల పొలాలు ఎప్పుడు పుట్టాయి? అంతకు ఎన్నో తరాల ముందే. శిస్తు పెరగాలని రాజులే అడవి కొట్టి సాగు చేయమని ప్రోత్సహించారు. నరికించిన చేయి ఒకటి, నింద మోసిన తల మరొకటి. అయితే కొండ అడవికి ఏ హానీ జరగలేదనుకోరాదు. విస్తీర్ణం నిలిచినా చాలాచోట్ల చెట్లు పలచబడ్డాయి. కొమ్మలు విరిచి పశువులకు వేసిన గుర్తులు నేల మీద ఉన్నాయి. జాక్ ఐవ్స్, బ్రూనో మెస్సర్లీ అనే ఇద్దరు పండితులు 1989లో ఒక గ్రంథంలో ఇటువంటి సాక్ష్యాలన్నీ కూర్చి, వరదలకు కొండరైతును కారకుణ్ణి చేయడానికి ఆధారం చాలదని చూపారు.

తరువాతి కథ ఇంకా వినదగినది. 1957లో ప్రభుత్వం అడవులను జాతీయం చేస్తే, ఊరివారికి అవి పరాయి సొత్తయినవి. 1993 చట్టంతో గ్రామ సంఘాలకు అప్పగించారు. ఉపగ్రహ చిత్రాలతో చేసిన పరిశీలన ప్రకారం దేశంలో అడవి 1992లో నూటికి 26 వంతులు, 2016లో 45 వంతులు. పడుచువారు పరదేశాలకు పనికి పోయి, చేలు బీడుపడి చెట్లు మొలవడం కూడా ఇందుకు కొంత కారణం.

పచ్చదనం పెరిగినదన్నంత మాత్రాన సరిపోదు, ఏ పచ్చదనమో కూడా చూడాలి. మనకు దగ్గరి పళని కొండలే ఇందుకు ఉదాహరణ. కొడైకెనాల్ పైభాగంలో పూర్వం విశాలమైన గడ్డిమైదానాలు, వాటి మడతల్లో షోలా అనే దట్టమైన చిట్టడవులు ఉండేవి. గడ్డినేలను బంజరుగా ఎంచి తెల్లదొరల కాలం నుంచీ వాటిల్, యూకలిప్టస్, పైన్ చెట్లు నాటారు. 1973, 2014 సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలను పోల్చిన శాస్త్రజ్ఞులు గడ్డినేల నూటికి 66 వంతులు, షోలా అడవి 31 వంతులు పోయినట్లు తేల్చారు. పై నుంచి చూస్తే వాటిల్ తోట, షోలా రెండూ నల్లని ఆకుపచ్చే. వేరు చేయడానికి వాళ్ళు కొండెక్కి, చోటు చోటుకీ నిలబడి, ఇక్కడ ఏ చెట్టు ఉన్నదని వ్రాసుకోవలసి వచ్చింది.