జైలు ఊచలు, బోస్ పుస్తకం

1895లో కలకత్తా టౌన్ హాల్‌లో ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ జగదీశ్ చంద్ర బోస్ ఒక గదిలో విద్యుత్ రవ్వ పుట్టించి, గోడలకు అవతల 75 అడుగుల దూరాన గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. మధ్యలో తీగ లేదు. గోడ రేడియో అలను ఆపలేదని ఊరంతటికీ చూపించారు.

అదే ఊళ్లో జైలు గోడలకు ఈ సంగతే ఇప్పుడు పెద్ద చిక్కు. బెంగాల్‌లో జైలును అధికారికంగా ‘సంశోధనాగార్’ అంటారు. అక్కడ సిబ్బంది వైర్‌లెస్ సెట్టు పనిచేయాలి, కోర్టు వీడియో విచారణ నడవాలి, ఈ-ములాకాత్ అనే వీడియో భేటీలో ఖైదీకి ఎక్కడో పల్లెలో ఉన్న తల్లి మొహం కనిపించాలి. దొంగతనంగా లోపలికి వచ్చిన ఫోన్‌కు మాత్రం సిగ్నల్ అందకూడదు. మామూలు ఆఫీసులో ఇంజనీరు సిగ్నల్‌ను మూలమూలకూ చేరుస్తాడు. జైల్లో దాన్ని ఒక గీత దగ్గర ఆపడం కూడా అతని పనే.

900 మెగాహెర్ట్జ్ అల పొడవు 33 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ వైఫై అల 6 సెంటీమీటర్లే. పాతకాలపు మందపాటి ఇటుక గోడ పొట్టి అలను ఎక్కువగా మింగేస్తుంది, వానలకు నానితే ఇంకా ఎక్కువ. అందుకే ఒక పెద్ద యాంటెన్నా పెట్టి ఊరుకుంటే చాలదు. తక్కువ శక్తి గలవి చాలా పెట్టి, వాటి ముఖాలు లోపలి వైపు తిప్పాలి. పొడవాటి వరండాల్లో చీలికలున్న కేబుల్ లాగుతారు. డ్రిప్ పైపు నీటిని చుక్కలుగా వదిలినట్టు అది సిగ్నల్‌ను దారి పొడవునా కొద్దికొద్దిగా వదులుతుంది.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఊచల సంగతి. నిలువు ఊచలకు సమాంతరంగా ఊగే అల వాటిలో కరెంటు పుట్టించి వెనక్కి మళ్లుతుంది, అడ్డంగా ఊగేది దాటిపోతుంది. ఊచల మధ్య నాలుగు వేళ్ల సందు ఉందనుకోండి. 33 సెంటీమీటర్ల అలకు అది గట్టి అడ్డే, 6 సెంటీమీటర్ల అలకు తెరిచిన కిటికీ! ఇదే సూత్రాన్ని బోస్ ఒక పుస్తకంతో చూపారు. బ్రాడ్‌షా రైల్వే టైమ్‌టేబుల్ పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి అల దారిలో ఉంచారు. పుస్తకం ఒకవైపు ఉంటే అల ఆగింది, పావుచుట్టు తిప్పితే దాటింది. బెంగాల్ జనపనారను మెలిపెట్టి, అల ఊగే దిక్కునే తిప్పి చూపారు కూడా.

జామర్ పెడితే సరిపోతుందనేవారున్నారు. జామర్ చేసేది ఆయా పౌనఃపున్యాల్లో రొద పుట్టించడమే. టూజీ కోసం పెట్టినది ఫోర్‌జీని ఆపలేదు. శక్తి పెంచితే గోడ అవతల ఇళ్లవాళ్ల ఫోన్లూ మూగబోతాయి. మీటరు చేతబట్టి గదిగదీ కొలిచాకే జామర్ మాట ఎత్తాలి.

కోల్‌కతా వెళ్తే రెండు చోట్లు చూడండి. 2019లో మూతపడి 2022లో మ్యూజియంగా తెరుచుకున్న ఆలీపూర్ జైల్లో ఆ ఊచలున్నాయి. బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన పరికరాలున్నాయి.