పెద్ద గాయం కంటే చిన్న పంటి గాటే ప్రమాదం

వరంగల్ చుట్టుపక్కల పెరట్లో కోళ్లు పెంచే ఇళ్లలో ఈ రెండు గాయాలూ తెలిసినవే. మొదటిది కుక్క చేసేది. వీపు మీద అరచేయంత తోలు ఊడి ఎర్రటి కండ బయటపడుతుంది, చూడబుద్ధి కాదు. రెండోది పిల్లి చేసేది. రెక్క కింద రెండు మిల్లీమీటర్ల చుక్క, ఒక బొట్టు రక్తం, అంతే. మొదటిదాన్ని చూసి ‘ఇక బతకదు’ అని కత్తి తీస్తారు. రెండోదాన్ని చూసి ‘ఏం కాలేదులే’ అని గంప కింద కమ్మేస్తారు. చాలాసార్లు ఈ రెండు నిర్ణయాలూ తప్పే.

కోడి తోలు పలుచన, కండకు గట్టిగా అంటుకొని ఉండదు. అందుకే కుక్క పట్టి లాగితే సంచిలా ఊడి వస్తుంది. కానీ అలా విప్పారిన గాయం మన కళ్లెదుటే ఉంటుంది, కడగడానికి వీలుంటుంది, అంచుల నుంచి తోలు మళ్లీ పెరుగుతుంది. కింద కండ, ఎముక, పొట్ట బాగుంటే రెండు మూడు వారాల్లో ఆశ్చర్యపోయేంతగా మానుతుంది. పిల్లి కోర అలా కాదు. సన్నగా లోపలికి దిగి, తన నోటిలోని సూక్ష్మజీవులను కండ అడుగున వదిలి వస్తుంది. పైన తోలు వెంటనే మూసుకుంటుంది. పిల్లుల్లో 70 నుంచి 90 శాతం దాకా పాశ్చురెల్లా అనే బాక్టీరియాను నోట్లో మోస్తుంటాయి. కోళ్లలో ఫౌల్ కలరా తెచ్చేది ఈ జాతి బాక్టీరియానే. రక్తంలో కలిసిందంటే 24 నుంచి 48 గంటల్లో కోడి చనిపోవచ్చు. నిన్న గింజలు ఏరుకున్న పెట్ట ఇవాళ గూట్లో బిగుసుకుపోయి కనిపిస్తే ‘దిష్టి తగిలింది’ అంటారు. తగిలింది పిల్లి కోర.

ఒక్క కోడికి ఇంత ఆరాటమా అనే ప్రశ్నకు జవాబు లెక్కల్లోనే ఉంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే 45.8 శాతం ఎక్కువ. ఫారం కోళ్లనూ కలిపి చూస్తే తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తర్వాత మూడో స్థానం మన తెలంగాణది, దాదాపు 8 కోట్లు. ఊళ్లో పెరటి కోడి ఎక్కువగా ఆ ఇంటి ఆడమనిషి చేతి సొమ్ము. అమ్ముకోవాలన్నా, మేడారం మొక్కు తీర్చాలన్నా, అల్లుడొస్తే కోయాలన్నా ఆమె మాటే. దేశవాళీ పెట్ట ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడితే, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా 100 నుంచి 110, గ్రామప్రియ 160 నుంచి 180 పెడతాయి. రేపు గుడ్లకు వచ్చే గ్రామప్రియ పెట్ట ఇవాళ పోతే ఆ ఇంట్లో పిల్లల పళ్లెంలోంచి ఏడాదికి 160 గుడ్లు పోయినట్టే. వనరాజాకు రంగురంగుల ఈకలు, పొడుగాటి కాళ్లు ఉండేలా చూసుకోవడంలో ఒక ఉద్దేశం శత్రువు కంట పడకుండా, పడినా పరుగెత్తి తప్పించుకునేలా చేయడమే. తప్పించుకోలేకపోయిన రోజు సంగతి మాత్రం మన చేతుల్లో ఉంది.

ముందుగా ఒక లెక్క గుర్తుంచుకోవాలి. కిలోన్నర పెట్ట ఒంట్లో ఉండే రక్తం మొత్తం సుమారు 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు. అందులో 15 మిల్లీలీటర్లు, మూడు చెంచాలు, పోయినా ఆరోగ్యంగా ఉన్న కోడి తట్టుకుంటుంది. 30 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. నేల మీద, ఈకల మీద పడిన రక్తం ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి నేలను చూసి బెదరకుండా తల మీది జుట్టును చూడాలి. ఎర్రగా ఉంటే ఫర్వాలేదు. తెల్లబోయి, ముట్టుకుంటే చల్లగా తగిలితే రక్తం బాగా పోయిందనో, షాక్‌లో ఉందనో అర్థం.

పట్టుకునే తీరులోనే చాలా కోళ్లు పోతున్నాయి. మనకున్నట్టు కోడికి ఊపిరి పీల్చడానికి డయాఫ్రం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. భయంతో గింజుకుంటోందని రొమ్ము చుట్టూ రెండు చేతులతో బిగించి పట్టుకుంటే, కుక్క చేయలేని పని మనం చేసినట్టే. పాత తువ్వాలు మీద వేసి, రెక్కలు ఒంటికి ఆనేలా వదులుగా చుట్టి, తల బయటికి వదిలి చంకలో పెట్టుకోవాలి. కళ్లు కప్పితే అదే నెమ్మదిస్తుంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఆ చోట 5 నిమిషాలు అదిమి పట్టాలి. మధ్యలో తీసి చూడకూడదు. తీసిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదటికొస్తుంది. గోరు విరిగినా, ముక్కు కొన చిట్లినా మొక్కజొన్న పిండి అద్దితే ఆగుతుంది.

రక్తం ఆగాక వెంటనే కడగాలనిపిస్తుంది. కాస్త ఆగాలి. దాడి నుంచి బయటపడ్డ కోడిని ముందు అరగంట, గంట అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, సద్దు లేకుండా ఉంచడమే అసలు మందు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైన. గుండె నిమిషానికి 250 నుంచి 350 సార్లు కొట్టుకుంటుంది. షాక్‌లో ఉన్న కోడికి ఆ వేడి నిలుపుకునే శక్తి తగ్గిపోతుంది. పెట్టెలో 27 నుంచి 30 డిగ్రీలు ఉంటే చాలు. ఇక్కడ మన వాతావరణాన్ని మరిచిపోకూడదు. జనవరి రాత్రి అయితే ఫిలమెంట్ బల్బు అడుగున్నర దూరంలో వేలాడదీయాలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు. అదే మే నెలలో, పగలు 43 డిగ్రీలు దాటే వరంగల్ ఎండల్లో, బల్బు పెడితే కోడిని ఉడకబెట్టినట్టే. అప్పుడు గాలి ఆడే నీడ కావాలి. నోరు తెరిచి రొప్పుతోందంటే వేడి ఎక్కువైందన్నమాట. చల్లబడ్డాక కూడా రొప్పు తగ్గకపోతే ఊపిరితిత్తులకో గాలి సంచులకో దెబ్బ తగిలిందని అనుమానించాలి.

నీళ్లు పక్కన పెట్టాలి, నోట్లో పోయకూడదు. కోడి నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకొని ఉంటుంది. గొంతులో పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. లీటరుకు ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్‌ఎస్ గిన్నెలో పెట్టి, ముక్కు కొన ఒకసారి తడిపితే దానంతట అదే తాగుతుంది. తాగిన నీళ్లు మెడ కింద నుంచి కారుతున్నాయా అని చూడాలి. కారితే మేత సంచికి చిల్లు పడింది. అది కుట్టాల్సిందే, ఇంట్లో చేసే పని కాదు.

తర్వాత వెతుకులాట. ఈకల కింద గాయం దాక్కుంటుంది, కోడి నొప్పిని దాచుకుంటుంది. తోక మొదలు, తొడల లోపలి వైపు, రెక్కల కింద, మెడ వెనక ఈకలు ఎదురు దువ్వుతూ వేలితో తడమాలి. గాయం చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర ఈకలను కత్తిరించాలి. పీకితే తోలు ఇంకా చిరుగుతుంది. ఒకచోట పంటి గాటు కనిపిస్తే రెండోది దగ్గర్లోనే ఉంటుంది, దవడకు రెండు వైపులు కదా.

కడగడానికి కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సమంగా కొలిచిన ఒకటిన్నర చెంచా. సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో గోరువెచ్చని ఉప్పునీళ్లు చిమ్మాలి. మనుషుల గాయాలకు వైద్యులు పాటించే లెక్క సెంటీమీటరు పొడవుకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు. కోడికీ ఆ లెక్క పనికొస్తుంది. నాలుగు సెంటీమీటర్ల గాయానికి కనీసం పది సిరంజిలన్నమాట. మనవాళ్లు సాధారణంగా ఒక దోసిలి నీళ్లతో సరిపెడతారు. మట్టి, ఈక ముక్కలు, కుక్క ఉమ్మి పోవాలంటే అది చాలదు. ఒక్క జాగ్రత్త: రెక్క పై ఎముక విరిగి బయటికి వస్తే ఆ చోట నీళ్లు చిమ్మకూడదు. కోడి భుజం ఎముక లోపల బోలు, గాలి సంచితో కలిసి ఉంటుంది. అందులో పోసిన నీళ్లు ఊపిరిలోకి పోతాయి. తడిగుడ్డతో చుట్టూ తుడిచి, రెక్కను ఒంటికి ఆనించి వదులుగా కట్టి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

కడిగాక పావిడోన్ అయొడిన్. షాపులో దొరికే 5 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లకు 90 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి. చిక్కగా పోస్తే సూక్ష్మజీవులతోపాటు కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. నీళ్లు కలపని డెట్టాల్‌తోనూ అదే చిక్కు. కిరోసిన్, కలరా ఉండల పొడి కోడికి విషం. ఫెవిక్విక్ లాంటి జిగురుతో గాటును అతికించడం అన్నిటికంటే చెడ్డ పని, లోపలి చీముకు తాళం వేసినట్టు. పసుపు మన అమ్మమ్మల నుంచి వచ్చిన మందు, పైపైన గీసుకున్న చోట రాయడానికి నాకు అభ్యంతరం లేదు. లోతైన గాటులో కుక్కితే మాత్రం గట్టిపడి పైన మూత వేస్తుంది, లోపల కుళ్లు పెరుగుతుంది. నొప్పికని మనుషుల డైక్లోఫెనాక్ మాత్ర ముక్క చేసి వేయడం ఇంకో అలవాటు. రాబందుల చావుకు కారణమని 2006లో పశువైద్యంలో నిషేధించిన మందు అది. కోళ్ల మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

మరునాటి నుంచి అసలు శత్రువు ఈగ. పచ్చి గాయం మీద ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పురుగులవుతాయి. అందుకే కోడిని దోమతెర కింద ఉంచి, ఉదయం, సాయంత్రం గాయం చూడాలి. సన్నని బియ్యపు గింజల్లాంటి గుడ్లు కనిపించినప్పుడే తీసేయాలి. పురుగు పడితే గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, ఒక్కొక్కటీ పట్టకారుతో ఏరి, మర్నాడు మళ్లీ వెతకాలి. మొదటి రోజు కొన్ని తప్పించుకునే ఉంటాయి.

రెండో రోజు గాయం చుట్టూ తోలు ఆకుపచ్చగా మారితే ఇల్లంతా భయపడుతుంది. కుళ్లిందనుకొని కోసేస్తారు. అది కుళ్లు కాకపోవచ్చు. కమిలిన కోడి తోలు 12 గంటలకు ముదురు ఊదాగా, 24 గంటలకు ఆకుపచ్చ ఛాయతో, 48 గంటలకు పసుపు కలిసిన ఆకుపచ్చగా మారి, 120 గంటలకు, అంటే ఐదో రోజుకు, మామూలవుతుంది. చెడిన రక్తం విరిగేటప్పుడు మన ఒంట్లో ఆకుపచ్చ రంగు ఎక్కువసేపు నిలవదు, కోడిలో నిలుస్తుంది. తేల్చుకోవడానికి ముక్కే సాధనం. దుర్వాసన లేకుండా, తోలు వెచ్చగా మెత్తగా ఉంటే ఆ పచ్చదనం కమిలిన గుర్తే. వాసన వేసి, తోలు నల్లబడి చల్లగా తగిలితే కుళ్లిందని అర్థం. ఇంకో తేడా, కోడి చీము కారదు. పసుపుపచ్చని గట్టి ముద్దలా లోపలే పేరుకుంటుంది. ‘చీము రాలేదు కాబట్టి మానుతోంది’ అనుకోకూడదు. వేలికి గట్టి గడ్డ తగిలితే అదే చీము, దాన్ని వైద్యుడు తీయాలి.

ఎప్పుడు వెళ్లాలి? పిల్లి కరిచిందని తెలిస్తే గాటు ఎంత చిన్నదైనా ఆ రోజే. యాంటీబయాటిక్ మొదలయ్యే గంటే అక్కడ లెక్క. పొట్టకు చిల్లు, ఎముక విరుపు, మేత సంచి చిరుగు, 24 గంటలు మేత ముట్టకపోవడం కూడా అంతే. పశువైద్య సేవలకు టోల్‌ఫ్రీ నంబరు 1962. ఊళ్లో పశువైద్యశాల ఉంటుంది. వరంగల్ పక్కనే మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. రెండూ ఇక్కడి లక్నేపల్లిలోనే పుట్టిన పీవీ నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయానివి. కోడిని చంకన పెట్టుకొని ఆసుపత్రికి పోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. మందు వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టరు చెప్పిన రోజుల దాకా ఆ గుడ్లు తినకూడదు. పేగులు బయటపడితే, నడుము విరిగి రెండు కాళ్లూ చచ్చుబడితే బాధ పెట్టకుండా త్వరగా ముగించడమే దయ.

కోడిని విడిపించబోయి కుక్క పన్ను మనకు తగిలితే కోడిని పక్కనపెట్టి ముందు మన సంగతి చూసుకోవాలి. గీత పడినా సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి, వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికో దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. తోలులోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28వ రోజుల్లో నాలుగుసార్లు. మూడోసారి తర్వాత మానేసేవాళ్లున్నారు, మానకూడదు.

దాడి చేసింది మళ్లీ వస్తుందని ఆ రాత్రికే అనుకోవాలి. పట్టపగలు మెడ కొరికి ఉంటే ముంగిస, పొద్దుగూకేటప్పుడైతే బావురుపిల్లి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండింటినీ కాపాడుతోంది కాబట్టి ఉచ్చు, విషం మాట ఎత్తొద్దు, గూడు గట్టి చేసుకోవాలి. రెండంగుళాల కంతల జాలీ కుక్కను ఆపుతుంది, ముంగిసను ఆపదు. అరంగుళం కంతల వెల్డ్ జాలీ వేసి, అంచును అడుగు లోతు నేలలో పాతితే అదీ ఆగుతుంది. కోళ్లకు చీకట్లో కళ్లు సరిగ్గా కనిపించవు. రాత్రి దాడి జరిగితే పారిపోవు, ఉన్నచోటే ఉంటాయి. గూటి తలుపుకు తాడు కాదు, గొళ్లెం కావాలి.

మానిన కోడిని తొందరపడి మందలో వదలకూడదు. ఎర్రగా కనిపించిన చోటల్లా తోటి కోళ్లు పొడుస్తాయి, అవి చంపేసినవీ ఉన్నాయి. తోలు పూర్తిగా కమ్మేదాకా జాలీ అవతల, మిగతావాటికి కనిపించేలా ఉంచి, తర్వాత ఒక సాయంత్రం అన్నీ గూట్లోకి చేరాక పక్కన కూర్చోబెట్టాలి. పొద్దున మళ్లీ రక్తం కనిపిస్తే ఇంకో వారం విడిగా ఉంచాలి.