కాలేయానికి పాకిన క్యాన్సర్: చిన్న రంధ్రాల శస్త్రచికిత్సా, పొట్ట తెరిచే శస్త్రచికిత్సా?

ఈ భాగం చదివిన తరువాత మీరు రెండు పనులు చేయగలగాలి. కాలేయానికి పాకిన క్యాన్సర్‌ను తొలగించే రెండు పద్ధతుల మధ్య తేడా వివరించగలగాలి. ఒక వైద్య పరిశోధనలోని అంకెలు ఏమి చెబుతున్నాయో, ఏమి చెప్పడం లేదో గుర్తించగలగాలి. రెండో పని కష్టమైనది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ఒక సందర్భం ఊహించుకోండి. జమ్మలమడుగు దగ్గర నల్లరేగడిలో శనగ వేసుకునే ఒక రైతుకు ఏడాది కిందట పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు స్కాన్‌లో కాలేయంలో రెండు గడ్డలు కనిపించాయి. "లివర్‌కు పాకిందంటే ఇంకేముంది" అని ఇంట్లోవాళ్లు ఆశ వదిలేశారు. డిగ్రీ చదువుతున్న మేనకోడలు రిపోర్టు పట్టుకుని డాక్టరును అడిగితే, "తీయడానికి వీలైన గడ్డలేనమ్మా" అన్నారాయన. అప్పుడు రైతు అడిగిన ప్రశ్న ఇది: "పొట్ట కోస్తారా సార్, బొక్కలు పెట్టి చేస్తారా?"

ఆ ప్రశ్నకు ముందు, గడ్డలు కాలేయంలోకి ఎందుకు వచ్చాయో చూద్దాం. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. ద్వారసిర అనే పెద్ద సిర దాన్ని ముందు కాలేయానికి చేరుస్తుంది. పేగులోని క్యాన్సర్ కణాలు రక్తంలో పడితే వాటికి తగిలే మొదటి జల్లెడ కాలేయమే. ఇది కాలేయంలో పుట్టిన క్యాన్సర్ కాదు, పేగు క్యాన్సరే అక్కడ కాపురం పెట్టింది. చాలా అవయవాలకు లేని సౌలభ్యం కాలేయానికి ఉంది. ఆరోగ్యంగా ఉన్న భాగం తగినంత మిగిలితే అది మళ్లీ పెరుగుతుంది. అందుకే గడ్డలున్న ముక్కను తీసివేయడం సాధ్యమవుతుంది. మందులతో మాత్రమే ఐదేళ్లు దాటేవారు తక్కువ. పూర్తిగా తీయగలిగితే ఆ అవకాశం బాగా పెరుగుతుంది.

పొట్ట తెరిచే పద్ధతిలో పక్కటెముకల కింద పొడవైన కోత పెడతారు. సర్జన్ చెయ్యి లోపలికి వెళ్తుంది. కాలేయాన్ని తాకి, నొక్కి చూడగలరు. రక్తస్రావం ఎక్కువైతే వెంటనే అదుపు చేయగలరు. చిన్న రంధ్రాల పద్ధతిలో, అంటే లాపరోస్కోపీలో, పొట్టను కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉబ్బించి, సెంటీమీటరు అటూ ఇటూ ఉండే కొన్ని రంధ్రాల గుండా కెమెరా, పొడవైన పనిముట్లు పంపుతారు. చేతి స్పర్శ ఉండదు కాబట్టి, లోపల దాగిన గడ్డలను అల్ట్రాసౌండ్ పరికరాన్ని కాలేయం మీదే పెట్టి వెతుకుతారు. కోసిన ముక్కను సంచిలో పెట్టి, కొంచెం పెద్ద రంధ్రం గుండా బయటికి తీస్తారు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. రంధ్రాలు చిన్నవి కాబట్టి ఆపరేషన్ కూడా చిన్నదనుకుంటారు. రెండింటిలోనూ పూర్తి మత్తు ఇస్తారు, లోపల తీసే కాలేయం ముక్క కూడా ఒకటే. మారేది అక్కడికి చేరే దారి.

మరి ఏది మేలు? దీనికి గట్టి జవాబు నార్వేలో దొరికింది. ఓస్లో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 2012 నుంచి 2016 వరకు పెద్దపేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సర్ ఉన్న 280 మందిని చేర్చుకున్నారు. ఎవరికి ఏ పద్ధతో సర్జన్ ఎంచుకోలేదు, యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఇది ఎందుకు ముఖ్యం? ఎంపిక సర్జన్‌కే వదిలితే తేలికైన గడ్డలు రంధ్రాల వైపు, కష్టమైనవి కోత వైపు వెళ్తాయి. తరువాత రంధ్రాల పద్ధతి గెలిచినట్టు కనిపిస్తుంది. నిజానికి గెలిచింది తేలికైన గడ్డలు. ఈ అధ్యయనానికి ఓస్లో-కామెట్ అని పేరు.

2018లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆపరేషన్ తరువాత చెప్పుకోదగ్గ ఇబ్బందులు కోత పద్ధతిలో 31 శాతం మందికి, రంధ్రాల పద్ధతిలో 19 శాతం మందికి వచ్చాయి. ఆసుపత్రిలో గడిపిన సమయం 96 గంటల నుంచి 53 గంటలకు తగ్గింది. ఈ అంకెలను చదివే తీరు గమనించండి. "ఇబ్బందులు దాదాపు 40 శాతం తగ్గాయి" అన్నా తప్పు కాదు, ఎందుకంటే 31లో 12 అంటే అంతే. "నూటికి 12 మందికి ఇబ్బంది తప్పింది" అన్నా నిజమే. రోగికి అర్థమయ్యేది రెండోది. ప్రకటనల్లో కనిపించేది మాత్రం ఎప్పుడూ మొదటిదే!

అసలు ప్రశ్న ఆయుష్షు గురించి. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తరువాత బతికి ఉన్నవారు రంధ్రాల పద్ధతిలో 54 శాతం, కోత పద్ధతిలో 55 శాతం. తేడా లేదనే చెప్పాలి. వాయువు నింపడం వల్ల, తాకి చూడలేకపోవడం వల్ల క్యాన్సర్ మిగిలిపోతుందేమోనన్న పాత అనుమానానికి ఇక్కడ ఆధారం దొరకలేదు. కానీ జాగ్రత్త, 280 మందితో చేసిన అధ్యయనం పెద్ద తేడాలను పట్టుకోగలదు, చిన్న తేడాలను పట్టుకోలేదు. మరో సంగతి: ఏ పద్ధతిలోనైనా ఐదేళ్లపాటు క్యాన్సర్ తిరిగి కనిపించనివారు మూడోవంతుకు అటూ ఇటూ మాత్రమే. ఆపరేషన్ అయ్యాక కూడా స్కాన్‌లు మానకూడదని చెప్పేది అందుకే.

ఓస్లో ఫలితాలకు ఒక హద్దు ఉంది. అక్కడ చేసినవి కాలేయంలో చిన్న భాగాలు తీసే ఆపరేషన్లు, చేసినది ఈ పనిలో చెయ్యి తిరిగిన ఒకే బృందం. సగం కాలేయం తీయాల్సి వస్తే ఏమవుతుందో యూరప్‌లోని అనేక ఆసుపత్రులు కలిసి పరిశీలించాయి. తిరిగి తన పనులు తాను చేసుకునే స్థితికి రావడానికి రంధ్రాల పద్ధతిలో 4 రోజులు, కోత పద్ధతిలో 5 రోజులు పట్టింది. మేలు ఉంది, కానీ చిన్నది. గడ్డ పెద్ద రక్తనాళానికి ఆనుకుని ఉన్నా, పాత ఆపరేషన్ వల్ల లోపల పేగులు అతుక్కుని ఉన్నా సర్జన్ కోతనే ఎంచుకోవచ్చు. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో కోతకు మారవచ్చు కూడా. దాన్ని వైఫల్యంగా చూడకండి, ప్రాణం కాపాడే నిర్ణయం అది.

ఇప్పుడు మన రైతు దగ్గరికి వద్దాం. జమ్మలమడుగు ఆసుపత్రులకు కొత్త ఊరేమీ కాదు, లండన్ మిషన్ కాలం నాటి క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్న ఊరు. అయినా కాలేయం కోసే పనికి ప్రొద్దుటూరు, కడప దాటి, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్, వేలూరు సీఎంసీ వంటి పెద్ద ఆసుపత్రుల వైపు చూడాల్సి వస్తుంది. ఇంటినుంచి అంత దూరంలో రెండు రోజులు తక్కువ ఉండడమంటే, తోడు వచ్చినవారికి రెండు రోజుల కూలి, రెండు రోజుల బస ఖర్చు మిగలడం. పొడవైన కోత మానడానికి, బరువులు ఎత్తడానికి ఎక్కువ కాలం పడుతుంది. అక్టోబరులో శనగ విత్తాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. అయితే ఇవన్నీ రెండో వరుస లెక్కలు. రంధ్రాల పద్ధతి దొరకలేదని ఆపరేషన్‌నే వాయిదా వేసుకోవడం పెద్ద నష్టం, ఎందుకంటే కోత పద్ధతిలోనూ ఆయుష్షు అంతే వస్తుంది. మేనకోడలు సర్జన్‌ను అడగాల్సినవి మూడు: గడ్డలన్నీ తీయగలరా, మిగిలే కాలేయం సరిపోతుందా, ఈ పద్ధతిలో మీరు ఇప్పటికి ఎన్ని చేశారు? ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక ఆసుపత్రి తన పాత రికార్డులు చూసి, "లాపరోస్కోపీ చేయించుకున్నవారు ఎక్కువ కాలం బతికారు" అని ప్రకటించింది. దాన్ని నమ్మేముందు మీరు ఏ వివరం అడుగుతారు? ఎందుకు?

2. ఓస్లో అంకెలను ఉపయోగించి, చదువు రాని ఒక బంధువుకు చెబుతున్నట్టు ఐదు వాక్యాలు రాయండి. శాతం అనే మాట వాడకండి.